తప్పులేరే ఇంట్లో ఒక యాప్

మా ఇంట్లో ముగ్గురిదీ ఒకటే పని, తప్పులు ఏరడం. నేను పిల్లల నోటుపుస్తకాల్లో ఎర్ర పెన్నుతో ఏరతాను. నా భార్య రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లో, కుట్టు వంకరపోయిన ప్యాంట్లను ఏరి పక్కన పడేస్తుంది. మా అమ్మ చాట ముందేసుకుని, శనక్కాయల విత్తనంలో తాలూ పుచ్చూ ఏరుతుంది. ఇలాంటి ముగ్గురి మధ్య పెరిగే పిల్లకు చదవడం రాకపోతే ఆ ఇల్లు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

నేను కుందుర్పి పక్క ఒక పల్లెలో ఒకటి, రెండు తరగతులకు చెప్తాను. అక్షరాలు నేర్పడమే నా బతుకు. నా దగ్గర అ ఆలు దిద్దినవాళ్లలో ఒకడు కండక్టరయ్యాడు, ఒకమ్మాయి పోలీసయింది. తనిఖీకి వచ్చిన ఒక అధికారి నా గురించి రిజిస్టర్లో 'సహనం గల ఉపాధ్యాయుడు' అని రాసిపోయాడు. ఆ పేజీని ఫోటో తీసి దాచుకున్నాను కూడా. అంత సహనం గలవాడి కూతురు మూడో తరగతి ముగించినా, 'బడి' అనే రెండక్షరాల మాట చూపిస్తే గోడవైపు చూసేది.

తెలివిలేని పిల్లేమీ కాదు. మా బావమరిదికి అరవై గొర్రెలున్నాయి. మందలో ఏ గొర్రె ఏదో, దేనికి ఏది చెల్లెలో, ఏది దొంగబుద్ధిదో మా పిల్ల మొహాలు చూసి చెప్పేస్తుంది. నాకైతే అరవై గొర్రెలూ ఒకే గొర్రెలా కనిపిస్తాయి. అరవై మొహాలు గుర్తుపెట్టుకునే పిల్ల యాభై ఆరు అక్షరాల దగ్గర ఎందుకు ఆగిపోయిందో అర్థం కాక కళ్ల డాక్టరుకు చూపించాను. కళ్లు నిక్షేపంలా ఉన్నాయన్నాడు. నా కళ్లకు మాత్రం అద్దాలు రాశాడు.

అసలు సంగతి ఒప్పుకోవాలి. బళ్లో ఒక పిల్లవాడు పదిసార్లు తప్పు చదివితే పదకొండోసారి కూడా నవ్వుతూనే చెప్తాను. ఇంట్లో నా కూతురు రెండోసారి తప్పు చదివేసరికి నా గొంతు వీధి చివరి చిల్లరకొట్టు దాకా వినిపిస్తుంది. ఎందుకంటే ఆ పిల్లలు పిల్లలు, ఇది నా పరువు. అయ్యవారి కూతురికి చదువు రాలేదని ఊరు అనుకుంటుందేమోనన్న భయం నాది. ఆ భయమంతా ఆ పిల్ల నెత్తిన రుద్దేవాణ్ణి. పుస్తకం తియ్యమంటే చాలు, కడుపునొప్పి అనేది. నేను దాన్ని నాటకం అనేవాణ్ణి.

ఒకరోజు నేను అరిచి అరిచి అలసిపోయి నీళ్లు తాగుతుంటే, అది నా పక్కకు వచ్చి కూర్చుంది. ఏడుపు లేదు, కోపం లేదు. నన్నే ఓదార్చేలా మాట్లాడింది.

"నాకు సదువు రాదులే నాయనా. నేను మామతో గొర్లకు పోతా. నువ్వు అరుసుకోవద్దు."

గొర్రెలు కాయడం చిన్నతనమని నేననను. కానీ ఎనిమిదేళ్ల పిల్ల తన గురించి తానే తీర్పు చెప్పుకుని, ఆ తీర్పుతో నెమ్మది పడిపోవడం చూసి పుస్తకం మూసేశాను. నా భార్య ఆ సాయంత్రం పనినుంచి వచ్చి, విషయం విని, చెప్పులు కూడా విడవకముందే అనేసింది: "దానికి సదువు రాక కాదు. నువ్వు పక్కన కూసుంటే రాదు."

నా స్థానంలో వేరేదాన్ని కూర్చోబెట్టాలన్న ఆలోచన అలా పుట్టింది.

నిజానికి అప్పటికే నా ఫోన్ నిండా యాప్‌లే. పిల్లల హాజరుకొకటి, మధ్యాహ్న భోజనంలో గుడ్డుకొకటి, మరుగుదొడ్డి శుభ్రంగా ఉందని ఫోటో పెట్టడానికొకటి. పొద్దున బడికి పోగానే ముందు మరుగుదొడ్డిని, తర్వాత పిల్లల మొహాలను చూసే ఉద్యోగం నాది. అలాంటివాడు మళ్లీ ఇంకో యాప్‌ను నమ్ముకోవడం విడ్డూరమే. కానీ యాప్ అరవదు. ఆ ఒక్క గుణం చూసి దిగాను.

వేసవి సెలవులు మొదలయ్యాయి. వాడేసిన ప్రశ్నపత్రం వెనక గీతలు కొట్టి పట్టిక తయారుచేశాను. తెలుగు ఉందా, నెట్ లేకపోయినా పనిచేస్తుందా, మధ్యలో ప్రకటనలు వస్తాయా, ఇలా. మా ఇంట్లో సిగ్నల్ మిద్దె మీద, అదీ నీళ్ల ట్యాంకు పక్కన మాత్రమే దొరుకుతుంది. ఎండలో తువ్వాలు కప్పుకుని అక్కడే కూర్చుని ఒక్కోదాన్నీ దించుకుంటుంటే మా అమ్మ కిందనుంచి అడిగింది, "ఏమిరా, సంబంధం సూస్తాండావా?" అని. దాదాపు అంతే. ఫోటోలో అన్నీ బాగానే ఉన్నాయి. ఇంటికొచ్చాకే గుణం తెలిసింది.

మొదట వచ్చింది ఒక ఎలుగుబంటి. మంచులో నిలబడి పాఠాలు చెప్పేది. మా మండలంలో మంచు చూసినవాళ్లు ఐసుబండివాడు తప్ప ఎవరూ లేరు. అయినా సరే అనుకున్నాను. 'ప' అని చెప్పి పడవ బొమ్మ చూపించి ఇదేమిటని అడిగింది. మా పిల్ల నిదానంగా చూసి, గొర్రెలు నీళ్లు తాగే తొట్టి అంది. తప్పు అని ఎలుగుబంటి తలూపింది. తర్వాత 'ఓ' అని ఓడ చూపించింది. పెద్ద తొట్టి అంది మా పిల్ల. వంకలో నీళ్లు పారితే ఊరంతా చూడ్డానికి పోయే చోట పుట్టిన పిల్ల అంతకంటే ఏం చెప్తుంది? నేను ఎలుగుబంటి పక్షమే తీసుకుని, అది ఓడ అని గట్టిగా చెప్పాను. గట్టిగా అంటే ఎంత గట్టిగానో మీకీపాటికి తెలుసు.

ఆ యాప్‌లో తెరను నొక్కితే మేఘాలొచ్చి వాన కురిసే ఆట ఒకటుంది. మా అమ్మకు అది తెగ నచ్చింది. ఇదేదో వ్యవసాయ శాఖవాళ్లకు ఇస్తే బాగుంటుందంది. అన్నిటికంటే ముదురు విషయం, ఆ ఎలుగుబంటి ఏం నొక్కినా "వావ్, సూపర్" అంటుంది. ఒకనాడు నేలమీద పెట్టిన ఫోన్‌ను మా పెట్టకోడి తొక్కుకుంటూ పోయింది. దానిక్కూడా సూపర్ అంది. కోడికీ నా కూతురికీ తేడా తెలియని పంతులు వద్దని తీసేశాను.

రెండోది పెద్ద కంపెనీది. తల్లిదండ్రులు మాత్రమే తెరవాల్సిన గదికి తాళం వేసి, తాళంచెవిగా ఏడెనిమిదులెంత అని అడిగేది. మా పిల్ల దాన్ని ఊదిపారేసింది. నోటిలెక్కలు మందలోనే వచ్చేశాయి. గదిలోకి పోయి ఏం నొక్కిందో, మర్నాడే ఆ కంపెనీనుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, మీ పాపను శాస్త్రవేత్తను చేయాలనుకుంటున్నారా సార్ అని అడిగింది. ముందు కళ్యాణదుర్గం బస్సు బోర్డు చదివితే చాలమ్మా అన్నాను. ఆ కోర్సు మా దగ్గర లేదు సార్ అంది. ఆ సంబంధం అలా తప్పిపోయింది.

మూడోదాన్ని చూసి మాత్రం పడిపోయాను. చక్కటి తెలుగు. ఒక మాట వినిపిస్తుంది, తెరమీద నాలుగు మాటలు కనిపిస్తాయి, విన్నదాన్ని నొక్కాలి. ఎలుగుబంట్లు లేవు. ఫోన్లో ఒకసారి దించుకుంటే నెట్ అక్కర్లేదు. నా పట్టికలో అన్ని గళ్లలోనూ టిక్కు పడింది. పొద్దున్నే నేను దుక్కి దున్నించడానికి చేనికి పోతూ, ఫోన్‌ను మా అమ్మకు అప్పజెప్పేవాణ్ణి. అమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా చూపు పదును. "పిల్ల సరైందే నొక్కేట్టు సూడుమా" అని ఒక్కమాట చెప్పి పోయేవాణ్ణి. అమ్మ తలూపేది. వసారాలో చాట ముందు అమ్మ, అమ్మ మోకాలికి ఆనుకుని పిల్ల, మధ్యలో ఫోన్. చూడ్డానికి చాలా ముచ్చటగా ఉండేది.

మూడు వారాలకు యాప్‌నుంచి నివేదిక వచ్చింది. మీ చిన్నారి తన వయసుకు మించి చదువుతోంది, తొందరపడకుండా ఆలోచించి జవాబిస్తోంది, తల్లిదండ్రులుగా మీకు అభినందనలు, అని. నాకు నేల మీద కాళ్లు నిలవలేదు. దాన్ని మా అయ్యవార్ల గ్రూపులో పెట్టాను. చప్పట్ల బొమ్మలు వానలా కురిశాయి. ఊరుకుంటే సరిపోయేది. పిల్లలకు యాప్‌లు ఎంచుకోవడంలో తల్లిదండ్రులు పాటించాల్సిన మెలకువల మీద నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ కూడా పెట్టాను. ముఖ్యంగా సహనం కావాలని అందులో రెండుసార్లు చెప్పాను.

బడి తెరిచిన రోజు నా బడికి గంట ఆలస్యంగా వస్తానని చెప్పి, పిల్లను నేనే మా ఊరి బడికి తీసుకుపోయాను. దాని టీచరు కొత్తగా ఉద్యోగంలోకి వచ్చిన అమ్మాయి. పోయిన ఏడాదంతా నా కూతురి గురించి నాకు చెప్పలేక నీళ్లు నమిలిన మనిషి. ఆమెకు ఫోన్లో నివేదిక చూపించి, ఏ పుస్తకమైనా ఇచ్చి చూడండన్నాను. ఆమె సంతోషంగా నాలుగో తరగతి కొత్త పుస్తకం తెరిచి మొదటి పేజీ చూపించింది. నా కూతురు పుస్తకం పట్టుకుని పేజీవైపు చూస్తూ నిలబడింది. నేను చిరునవ్వుతో నిలబడ్డాను. అది చూస్తూనే ఉంది. చివరికి నావైపు తిరిగి, నిజంగా అర్థంకాక అడిగింది.

"దీంట్లో ఏదీ ఊగదే నాయనా?"

నాకేమీ అర్థం కాలేదు. టీచరే నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, యాప్ తెరిచి, ఒక మాట విని, ఏమీ నొక్కకుండా ఆగింది. ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి నాలుగు మాటల్లో ఒకటి, సరైనది, కొంచెం అటూ ఇటూ కదిలింది. జవాబు తెలియని పిల్లలకు సాయంగా పెట్టిన ఏర్పాటది. కనిపించీ కనిపించనట్టుండే కదలిక. నాలాంటి అద్దాల కళ్లకు ఏడాదైనా దొరకదు. చాటెడు గింజల్లో పుచ్చుగింజను చూపుతోనే పట్టే మా అమ్మకు మొదటి రోజే దొరికింది.

పిల్లను వెంటబెట్టుకుని ఇంటికొచ్చి నిలదీస్తే అమ్మ దాచలేదు. దాచాల్సిందేముందన్నట్టు చూసింది. తొందరపడొద్దు, కాచుకో, ఊగిందాన్ని పట్టు అని తనే నేర్పానంది. "సరైందే నొక్కేట్టు సూడమంటివి. సూసినా. సదివేట్టు సూడమని చెప్పినావా?"

మా అమ్మ మీద కేకలేయడానికి నోరు తెరిచాను. మూడు వారాల పొగడ్త, నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్, టీచరు ముందు పోయిన మొహం, అన్నీ గొంతులోకొచ్చాయి. అప్పుడు నా కూతురు కనిపించింది. స్తంభం పక్కన నిలబడి ఉంది. నేనింకా ఒక్కమాట అనలేదు. ఊరికే ఊపిరి తీసుకున్నాను. దాని చెయ్యి పోయి కడుపు పట్టుకుంది. నాటకమాడే పిల్ల అయితే నా వైపు చూస్తూ పట్టుకోవాలి. అది నేలవైపు చూస్తోంది. చెయ్యి పోయిన సంగతి దానికే తెలిసినట్టు లేదు.

నాకు సిగ్గేసింది. అంతకుముందెప్పుడూ నన్ను చూసి నాకంత సిగ్గు వేయలేదు. తెరిచిన నోరు మూసుకుని మిద్దెక్కి, ట్యాంకు పక్కన కూర్చున్నాను. బడికి పోతానన్న గంట ఎప్పుడో దాటిపోయింది. ఆ రోజుకు సెలవు పెట్టేశాను.

కిందకు దిగాక అమ్మే మాట కలిపింది. వాన పడలేదు, విత్తడానికి దారి లేదు, అందుకని ఏరిన విత్తనాన్నే మళ్లీ ఏరుతోంది. ఈ గింజలతో తనకు నలభై ఏళ్ల పరిచయమని, విత్తింది, కోసింది, ఒలిచింది తనేనని, అందుకే చూడగానే తెలుస్తుందని చెప్పింది.

"ఆ పడవలు, ఓడలు ఆ పిల్ల యాడ ఎరుగురా? అది ఎరిగింది ఏదన్నా పెట్టు అందులో."

డిగ్రీ మీద డిగ్రీ చేసి, ఏడాదికి మూడు శిక్షణలకు పోయే నాకు ఎవ్వరూ ఇంత సూటిగా చెప్పలేదు. చెప్పే ఉంటారు, నేను భోజనం టోకెన్ కోసం చూస్తూ ఉండుంటాను.

నాలుగో యాప్ అలా దొరికింది. దాని కింద ఎవరో 'బోర్' అని రాసి ఒక్క నక్షత్రం ఇచ్చిపోయారు. నిజంగానే బోర్. నక్షత్రాలు లేవు, పొగడ్తలు లేవు, ఊగేవి అసలే లేవు. తెల్లటి పేజీ ఒకటుంటుంది. పిల్ల మాట్లాడితే ఆ గొంతును దాచిపెడుతుంది. ఆ మాటలనే పెద్దవాళ్లు పక్కన టైపు చెయ్యాలి. వాక్యం మీద వేలు పెడితే పిల్ల గొంతే ఆ వాక్యాన్ని చెప్తుంది. గొంతు ఆపేసి తనే చదువుకోవచ్చు కూడా. దాన్ని చేసినవాళ్లకు పనీపాటా లేదేమో, లేదా పిల్లలున్నారేమో.

టైపు చేసే పని నేను చేస్తానన్నాను. నా భార్య ఒప్పుకోలేదు. కుట్టు తప్పిన ప్యాంటును మళ్లీ ఆ కుట్టిన చేతికే ఇవ్వకూడదని వాళ్ల యూనిట్లో పద్ధతట. తను పనినుంచి వచ్చాక పిల్లతో కూర్చుంటానని, ఆ అరగంట నేను మిద్దె మీద ఉండాలని తేల్చేసింది. పద్దెనిమిదేళ్లుగా చదువు చెప్తున్న నన్ను నా ఇంట్లోనే చదువు నడిచే వేళకు పైకి తరిమేశారు. ట్యాంకు పక్కన కూర్చుని చెవులు రిక్కించేవాణ్ణి. కింద మొదటి పేజీ గొర్రెలతో మొదలైంది. మామ గొర్రెకు కాలు ఇరిగింది. మేము కట్టు కట్టినాము. అది పండుకొని నన్ను చూసింది. మొదటి వారం ఫోన్లోంచి గొంతే వినిపించేది. రెండో వారం ఫోన్ గొంతు, దాని వెనకే తడబడుతూ అసలు గొంతు. ఒకరోజు 'కట్టు' దగ్గర ఆగిపోయింది. పిట్టగోడ మీదనుంచి వంగి ఆ మాట అందించబోయాను. నా భార్య తలెత్తి చూసిన చూపుకు వెనక్కి తగ్గాను. కింద నా కూతురు మళ్లీ మొదలుపెట్టి, క, ట్టు అని తనే కూడదీసుకుంది.

జూలైలో నన్ను శిక్షణకని మూడు రోజులు ఉరవకొండకు పంపించారు. డిజిటల్ పద్ధతుల్లో పఠన నైపుణ్యాలు. నా వాయిస్ మెసేజ్ విన్న ఒక మహానుభావుడు నా పేరు రాశాడట. అక్కడ నోరెత్తకుండా కూర్చుని, టోకెన్లు తీసుకుని, భోంచేసి వచ్చాను.

నేను తిరిగొచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. అమ్మ వసారాలో చాటతో ఉంది. మూడోసారి ఏరుతోంది. నా భార్య ఇంకా బస్సు దిగలేదు. నా కూతురు నన్ను చూసి ఫోన్ తెచ్చింది, నా భార్య పాత ఫోన్ అది. నువ్వు లేనప్పుడు కొత్త పేజీ రాయించుకున్నానని, చదువుతానని చెప్పింది. నేను అలవాటుగా మిద్దె మెట్లవైపు నడవబోయాను. ఈడనే ఉండమంది. గొంతు ఆపేసి, తెర మీద వేలు పెట్టి, ఒక్కో మాట కింద వేలు జరుపుతూ చదవడం మొదలుపెట్టింది.

"మా నాయన అయ్యవారు. బళ్లో పిల్లోల్ల మీద అరవడు. ఒకసారి నేను నాయనతో ఆ బడికి పోతి. ఆడ నాయన నవ్వుతాడు. ఇంటికొచ్చినాక నా మీద..."

ఇక్కడ ఆగింది. తరువాతి మాట నాకు తెరవైపు చూడకుండానే తెలుసు. దాని వేలు ఆ మాట కిందే ఉంది. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు రావడం లేదు. మా అమ్మ చాటలో చెయ్యి ఆపేసింది. అందిద్దామని నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసి కూర్చున్నాను. నా జీవితంలో ఏ పిల్ల చదువు కోసమూ అంతసేపు కాచుకోలేదు. తెర మీద ఏదీ ఊగలేదు.

"అ... రు... అరుస్తాడు," అంది. తర్వాత వాక్యం గబగబా వచ్చేసింది. "నాయన బండి సప్పుడు ఇంటే నా కడుపు నొస్తాది."

చదవడం అయిపోయాక తలెత్తి నావైపు చూసింది. భయం లేదు, ఫిర్యాదు కూడా లేదు. మార్కులకోసం చూసే పిల్లల చూపు అది. ఆ చూపును నేను రోజూ నా బళ్లో చూస్తాను.

"సరిగ్గా సదివినానా నాయనా?"

నా కళ్లు మసకబారాయి. కొత్త అద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాను.

"సరిగ్గా సదివినావు," అన్నాను. "అందులో ఉండేది కూడా నిజమే. తప్పు నాది."

తప్పు ఎవరిదో తెలిసిపోయింది కనక దానికి ఇక ఆ సంగతితో పని లేనట్టుంది. వేలితో తెరను పక్కకు జరిపింది.

"ఇంకా ఉండాది," అంది. "కూసో."

కూర్చున్నాను.